మేకకు అంటగట్టిన మాట

రాజారత్నం బతికున్న రోజుల్లో తాయమ్మ మేకల కొట్టంలో కాలు పెట్టి ఎరగదు. తెల్లారగానే ఆమె వాకిలి చిమ్మి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, పొయ్యి రాజేసేది. కొట్టం పనంతా మొగుడిదే. పెంట ఎత్తి, ఆకు కట్టి, పిల్లల్ని తల్లుల కింద వదిలి, అన్నీ అయినాక పెరటి గుమ్మం దగ్గర నిలబడి చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు వినబడితే ఆమె టీ గ్లాసు తెచ్చి గడప మీద పెట్టి లోపలికి పోయేది. చేతికిచ్చేది కాదు. అతని ఒంటి మీది మేకపోతు కంపు ఆమెకు పడేది కాదు.

ఇప్పుడు లేస్తూనే కొట్టంలోకి పోతోంది. ఆయన పోయి ఏడాది తిరగలేదు కాబట్టి వాకిట ముగ్గు లేదు. ఒక్కదాని కోసం టీ పెట్టుకోబుద్ధి కాదు. కొట్టంలో మిగిలింది ఒక్క పోతు. దాని మెడ కింద చెయ్యి వేసి, గడ్డం దగ్గరికి ముఖం పెట్టి, నిండా ఒకసారి గాలి పీల్చుకుంటుంది. ఏ కంపు కొడుతున్నాడని మొగుణ్ణి కాపురమంతా గడప అవతల నిలబెట్టిందో, ఆ కంపు కోసమే. అతని చొక్కాలన్నీ ఎప్పుడో ఉతికేసింది. కప్పుకున్న దుప్పటి కర్మ రోజున చాకలికి పోయింది. ఆ మనిషి వాసనంటూ ఈ భూమ్మీద మిగిలి ఉంటే అది ఆ పోతు ఒంటి మీదే ఉంది.

తాయమ్మ పుట్టింది ఏర్పేడు పక్క పల్లెలో. నాలుగో తరగతి సగంలో బడి మానేసింది. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుంది. మాట తక్కువ. పెళ్ళిచూపులకు వచ్చిన అత్త 'పేరేందిమ్మే' అని మూడు దఫాలు అడిగి, జవాబు చెవిన పడక, మూగపిల్లను అంటగడుతున్నారేమోనని లేచి పోబోయిందట. రాజారత్నం గుమ్మంలో నుంచే 'తాయమ్మంటమ్మా, నాకు వినపడిందిలే' అన్నాడట. ఆ ఒక్క ముక్కతో పెళ్ళి కుదిరింది. అట్లా పుత్తూరుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ పల్లెకు కాపురానికి వచ్చింది.

ఈ పోతుకు బొల్లిగాడని పేరు. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. పుట్టినప్పుడే తల్లి చచ్చిపోతే రాజారత్నం సీసాకు పీక పెట్టి పాలు తాగించి పెంచాడు. ఈడుకొచ్చాక దాని కంపు మొదలైంది. పోతు జాతికి ఒక రోత గుణం ఉంది. తన ఉచ్చ తన గడ్డం మీదే పోసుకుంటుంది. ఆ కంపు దాన్ని ముట్టుకున్న మనిషి చేతులకు, చేతుల నుంచి తువ్వాలుకు, తువ్వాలు నుంచి ఇంట్లో దండేనికి పాకుతుంది. ఒకరోజు తాయమ్మ కంచం పక్కకు జరిపేసి, "మీ పోతు కంపు నా సంగటిలోకి వస్తాండాది. నేను తినలేను" అంది. ఆమె అంతకు మించి మాట్లాడితే ఊరికి విడ్డూరం.

మర్నాడు పొద్దున్నే రాజారత్నం బొల్లిగాడిని బోరు పైపు దగ్గరికి తోలుకుపోయాడు. మేకకు నీళ్ళంటే నిప్పుతో సమానం. వాన చినుకు పడితేనే చూరు కిందికి దూకే జంతువు. మొదటిరోజు అది తాడుతో సహా అతన్ని బురదలో ఈడ్చుకుపోయింది. ఆయన వదల్లేదు. సీకాయపొడి పెట్టి గడ్డం తోముతూ, చెవులు తడవకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఏదో ఒకటి చెబుతూ పోసేవాడు. పోను పోను అది నీళ్ళకు అలవాటు పడింది. బిందెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించినా కళ్ళు మూసుకొని నెమరు వేస్తూ నిలబడేది. కంపు మాత్రం మర్నాటికి మళ్ళీ మామూలే.

గంగమ్మ గుడి పూజారి చిన్నబ్బ ఒకరోజు అటుగా పోతూ చూశాడు.

"ఏమప్పా రాజారత్నం, పోతుకు తలంటు పోస్తాండావే! పెండ్లిసూపులకు పోతాదా?"

"సూపులు అయిపొయినాయప్పా. పిల్ల మెచ్చలా. కంపు కొడతాండాడంట" అన్నాడు రాజారత్నం, వంటింటి కిటికీ వైపు ఓరగా చూస్తూ.

లోపల తాయమ్మ పైట నోట్లో కుక్కుకొని నవ్వింది. వాళ్ళ సరసం అంతమాత్రమే. దానికే ఆమె ఆ రోజంతా పని మీద మనసు పెట్టలేకపోయింది.

తర్వాత కిడ్నీల జబ్బు వచ్చింది. తిరుపతి ఆసుపత్రి చుట్టూ తిరిగినంత కాలమూ కొట్టం ఒక్కో మేకా ఖాళీ అవుతూ వచ్చింది. బొల్లిగాడి వంతు వచ్చేసరికి రాజారత్నం మంచం మీద నుంచి చెయ్యి ఊపాడు. వద్దని. కార్తీకం వెళ్ళకముందే పోయాడు.

ఇక్కడ మునిచంద్ర సంగతి చెప్పుకోవాలి. రాజారత్నానికి ఒక్కగానొక్క తమ్ముడు. పుత్తూరులో కాపురం. మామిడికాయల మండీలో దళారీ పని. మనిషిని చూస్తే ఎవరికైనా ప్రేమే పుడుతుంది. నోరు తెరిస్తే తేనె. కానీ ఆ తేనె పొద్దున ఒక పువ్వు మీదిది, సాయంత్రం ఒక పువ్వు మీదిది. పొద్దున అన్న మాట సాయంత్రానికి గుర్తు ఉండదు. గుర్తు చేస్తే మనకే బుద్ధి లేదంటాడు. ఇంటికి తూర్పు గేటు పెట్టించి, నెల తిరగకముందే పీకించి ఉత్తరానికి పెట్టించి, ఆ తర్వాత దాన్నీ తాళం వేసి, ఇప్పుడు పక్కింటి సందులో నుంచి రాకపోకలు. 'మీ ఇంటికి దోవ యాడమ్మా' అని ఎవరైనా అడిగితే ఆయన భార్య ప్రసన్నకుమారే, 'ఈ వారం ఇట్లా రండి' అని నవ్వించేది. వాళ్ళ నాయన బతికుండగా, వీడు పుట్టినప్పుడు ఊళ్ళో గాలి ఎటు కొట్టిందో ఎవురూ సూడలేదు, సూసుంటే ఆ వైపుకన్నా నిలబెట్టుండొచ్చు అని నిట్టూర్చేవాడట. అన్న మాత్రం తమ్ముడి ప్రతి తిప్పుడికీ సర్దుకుపోయాడు. పోనీలే, మనసు మంచిదే, అనేవాడు.

తాయమ్మా అట్లాగే అనుకుంటూ వచ్చింది. పెద్దకర్మ రోజున మునిచంద్ర కొట్టంలోకి పోయి, బొల్లిగాడి మెడ కావలించుకొని భోరున ఏడ్చాడు. నలుగురూ చూస్తుండగానే.

"ఇది మేక కాదొదినా, మాయన్న. దీనికి ముసలితనం వచ్చి అదే పోవాల గానీ, దీని మెడకు కత్తి తగలకూడదు. నా బిడ్డ మీద ఒట్టు."

ఆ మాటకు తాయమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఆమెకు దక్కిన ఓదార్పు అదొక్కటే.

నెల తిరిగేసరికి వచ్చి, "పోతును ఆడమనిషి మేపుకుంటే ఊరు నవ్వుతాదొదినా. సంతకు తోలేద్దాం" అన్నాడు. తాయమ్మ తల అడ్డంగా ఊపింది. పది రోజులకు వచ్చినప్పుడు ఆమే గుర్తు చేస్తే, "సీ సీ, నేనెందుకంటాను ఆ మాట? కలగన్నావా ఏంది?" అన్నాడు. వేసవి మొదట్లో గంగమ్మ జాతరకు ఊరిపెద్దలు చందాకు పోతే, "మాకు సావు మైల. ఏడు తిరిగే దాకా మా ఇంట పండగా లేదు, జాతరా లేదు" అని గుమ్మంలో నుంచే పంపించాడు. అదే నోటితో, నెల కాకముందే, ప్రసన్నకుమారిని వెంటేసుకుని వచ్చి తాయమ్మ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"వదినా, జాతరలో గంగమ్మకు ఏట కొట్టాల. బొల్లిగాడినే."

తాయమ్మ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"మైల అంటివి గదప్పా."

"మైల మీకు. మాది వేరే పొయ్యి గదా. పూజారిని గూడా అడిగినాను."

"ఒట్టు పెట్టుకున్నావు."

"ఆ ఒట్టు కంటే ముందే ఒక మొక్కు ఉండాది. నీకు సెప్పలా. అన్నను ఆసుపత్రిలో ఏసినప్పుడు గంగమ్మకు మొక్కుకున్న్యా. మాయన్న లేచి ఇంటికొస్తే ఈ పోతునే ఇస్తానని."

తాయమ్మ చేటలోకి చూస్తూనే అంది. "ఆయన లేచి ఇంటికి రాలేదు."

"అదే గదొదినా! మొక్కు ఆలస్యం సేసినామనే రాలేదు."

తాయమ్మకు ఆ క్షణంలో అన్నంలో వెంట్రుక వచ్చినట్టు నోరంతా అదోలా అయింది. చేట పక్కన పెట్టి లేచింది. ప్రసన్నకుమారి వెనకాలే వచ్చి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. శ్రీ సిటీ ఫ్యాక్టరీ నుంచి ఒక సూపర్‌వైజరు జాతరకు వస్తున్నాడు. కొడుకు మునిప్రసాద్‌ను అందులో పెట్టిస్తానన్నాడు. ఆ సారుకు నాటు మేక కూరంటే ప్రాణమట. అదీ గంగమ్మ ప్రసాదమైతే ఇంక చెప్పనే అక్కర్లేదట. "సంతలో కొనుక్కోవచ్చు గదా పాపా" అంది తాయమ్మ. "కొనచ్చక్కా. కానీ ఈయన ఆ సారుకు ఫోను సేసి, మా ఇంట్లో పెంచిన పోతు, రోజూ తలంటు పోసుకుంటాది అని ఎచ్చులు సెప్పేసినాడే!" అని నొసలు కొట్టుకుంది ప్రసన్నకుమారి. ఆ మాట ఎవరో అనగా విన్నాడే తప్ప, ఆ తలంటు మునిచంద్ర కళ్ళారా చూసిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం కూతురు లోహిత వచ్చింది. తిరుపతిలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టడం ఆ పిల్లకు రోజూ ఉండే పని. ఫోను చూసుకుంటూ పైకి చదువుతుంది. చిన్నాయన కథంతా విని ఆ పిల్ల చెంగున లేచింది.

"మా, చిన్నాయనకు ఇంగ్లీషులో ఒక మాట ఉండాది. ఈ వారమే నేర్చుకున్న్యా. కాప్రిషస్."

"అంటే?"

"కారణం ల్యాకుండా మనసు మారిపొయ్యేవాళ్ళు. ఇప్పుడొకటి, ఇంగోసేపటికి ఇంగొకటి. ఎప్పుడు ఏం బుద్ధి పుడతాదో వాళ్ళకే తెలీదు. గాలిని గూడా అనొచ్చు. అప్పటికప్పుడు మారే వానను గూడా."

"మునిచంద్రను అనొచ్చు" అంది తాయమ్మ. లోహిత పకపకా నవ్వింది.

"ఈ మాట యాడనుంచి వచ్చిందో తెలుసునామా? మేక నుంచంట. ఇటలీ దేశంలో మేకను కాప్రా అంటారు. మేక సూడు, నిలబడిన సోటు నుంచి ఉన్నట్టుండి ఎగిరి దూకుతాదే, ఆ గెంతుడుకు పోల్చి, నిలకడ లేని బుద్ధికి ఆ పేరు పెట్టినారని అంటారు."

తాయమ్మ అరుగు దిగి కొట్టం వైపు చూసింది. బొల్లిగాడు అవిశాకు కట్ట దగ్గర నిలబడి, పైన ముదురాకు వదిలి, లోపలి లేతాకు ఒక్కొక్కటే ఓపిగ్గా లాక్కుంటున్నాడు. పుట్టినప్పటి నుంచీ అవిశ అంటే అవిశే. వేపాకు పెడితే ఆకలితో మాడుతాడు గానీ ముట్టడు.

"మేక ఎప్పుడు మాట మార్చింది పాపా?" అంది చివరికి. "అది ఎగిరితే ఎగిరింది. ఎవురి మెడ మీదా ఒట్టు పెట్టి ఎగరలేదే. మనిషి గుణానికి మేక పేరెందుకు?"

"అట్లని ఖాయంగా ఎవురూ సెప్పలేదులేమా. ఇంగో కథ గూడా ఉండాది. అది మేక మాట కానే కాదంట. ముళ్ళెలుక మాదిరి తలమింద ఎంట్రుకలు నిక్కబొడుచుకోడం అని దాని అసలర్థమంట. భయమేసినప్పుడు, రోత పుట్టినప్పుడు ఒళ్ళు జలదరిస్తాది సూడు, అది. మొదట్లో ఆ మాటకు జలదరింపు అనే అర్థమంట. పోను పోను మేక వచ్చి అందులో సేరుకుందంట, పాపం."

"సేరుకుందా, సేర్చినారా?"

"సేర్చినారులే. కోర్టుకేద్దామా?" అని లోహిత మళ్ళీ నవ్వింది. తాయమ్మ నవ్వలేదు. ఒళ్ళు జలదరించడం అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. గంగమ్మ గుడి ముందు మేకను నిలబెట్టి అడిగేదీ దాన్నే కదా.

మర్నాడు లోహిత బస్సెక్కాక తాయమ్మ కొంగు కప్పుకుని చిన్నబ్బ ఇంటికి పోయింది. తనంతట తాను ఒకరి ఇంటికి మాట అడగడానికి పోవడం ఆమె బతుకులో అదే మొదటిసారి. మునిచంద్రను అక్కడికే పిలిపించింది.

ఈ ఊళ్ళో గంగమ్మకు వేటను బలి ఇవ్వాలంటే ఒక పద్ధతి ఉంది. పసుపు నీళ్ళు వేట తల మీద నుంచి తోక దాకా పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ మెచ్చినట్టు. మూడు చెంబులు పోసినా విదల్చకపోతే అమ్మకు ఇష్టం లేనట్టు. అప్పుడు ఆ జంతువును ఎవరూ తాకకూడదు, ఇంటికి తోలుకుపోవాలి. అట్లా వెనక్కి వచ్చిన వేట తమ జన్మలో లేదని పెద్దవాళ్ళు అంటారు. నీళ్ళు పడితే విదల్చని మేక ఎక్కడ ఉంటుంది?

"మూడు సెంబులు" అంది తాయమ్మ. "విదిలిస్తే తీసుకోండి, నేను అడ్డం రాను. విదల్చకపోతే నా పోతు నా ఇంటికి. ఇంగ దాని మాట ఎప్పుడూ ఎత్తకూడదు."

మునిచంద్ర ముఖం వెలిగిపోయింది. "ఇంతేనా? ఇంతదానికి పంచాయితీ ఎందుకొదినా! ఏ మేక నీళ్ళు పోస్తే ఊరుకుంటాది? సరే అన్న్యా." కర్పూరం ముట్టించమని తానే అడిగి, మంట మీద అరచెయ్యి పెట్టి ఒట్టేశాడు.

చిన్నబ్బ తాయమ్మ ముఖంలోకి ఒకసారి చూశాడు. బోరు పైపు దగ్గర నవ్విన మనిషి అతను. బొల్లిగాడి సంగతి అతనికి తెలుసు. ఏమీ అనకుండా కర్పూరం పళ్ళెం తీసి పక్కన పెట్టాడు. ఆ మౌనాన్ని తాయమ్మ తన పక్షమే అనుకుంది. దారి పొడుగునా ఆమె కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. తన వేసరింపు వల్ల, తన రోత వల్ల, ఆ మనిషి పోతుకు నీళ్ళు అలవాటు చేశాడు. ఆ నీళ్ళే ఇప్పుడు దాన్ని కాపాడతాయి. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు ఒక ఆశంటూ పుట్టింది అప్పుడే.

జాతర రోజు ఎండ పెనం మీద ఉన్నట్టుంది. గుడి ముందు పలకలు మోగుతున్నాయి. లోహితకు ఆ రోజే పరీక్ష, రాలేదు. వేపచెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీలో సూపర్‌వైజరు కూర్చుని కూల్‌డ్రింకు తాగుతున్నాడు. మునిచంద్ర ఆయన పక్కన ఒంగి, ఆయన చెవిలో నవ్వుతున్నాడు. తాయమ్మ తాడు పట్టుకుని బొల్లిగాడిని తీసుకొచ్చి గుడి ముందు నిలబెట్టింది. మెడలో వేపమండలు కట్టారు. వాడు వాటివైపు చూడను కూడా లేదు.

చిన్నబ్బ మొదటి చెంబు పోశాడు. పసుపు నీళ్ళు నుదుటి తెల్లమచ్చ మీద నుంచి కారి గడ్డం చివర బొట్లు కట్టాయి. బొల్లిగాడు కళ్ళు మూసుకున్నాడు.

"సూడండ్రా, ధ్యానం సేస్తాండాడు!" అని ఎవరో అరిచారు. జనం నవ్వారు.

రెండో చెంబు. బొల్లిగాడు నాలుక చాపి మూతి నాక్కున్నాడు. నవ్వు సగానికి తగ్గింది.

మూడో చెంబు చిన్నబ్బ నిదానంగా, వీపంతా తడిసేటట్టు పోశాడు. బొల్లిగాడు నెమరు వేయడం మొదలుపెట్టాడు. పలకల వాళ్ళు కర్రలు దించేశారు. ఒళ్ళు జలదరించింది తాయమ్మకు. వీపున సన్నగా మొదలై, మెడ ఎక్కి, తల మీది వెంట్రుకలు కుదుళ్ళతో సహా లేచినట్టయింది. సంతోషమో భయమో ఆమెకు తెలియలేదు. ముందుకు పోయి తాడు అందుకుంది.

తాడు రెండో కొస మునిచంద్ర చేతిలో ఉంది.

"సెంబు సిన్నది" అన్నాడు.

"ఏందప్పా?"

"సెంబు సిన్నదొదినా. మా నాయన కాలంలో పెద్ద సెంబు. దీంతో పోస్తే మూడు ఒకటి కింద లెక్క."

నాలుగు పోశారు, ఐదు పోశారు. ఊరి పెద్దొకడు గొణిగితే మునిచంద్ర అతని భుజం మీద చెయ్యి వేసి, "మూడు అనేది కోళ్ళకు మామా. మేకకు తొమ్మిది. మీకు తెలియందేముంది" అన్నాడు. కుర్చీలో సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు. అది మునిచంద్ర కంటపడింది. దోసిలి నిండా నీళ్ళు తీసుకుని, ఎడమచేత్తో బొల్లిగాడి చెవి పట్టి తిప్పి, చెవి రంధ్రంలోకే గుమ్మరించాడు.

ఏ చెవిలో చుక్క పడకుండా రాజారత్నం రోజూ చెయ్యి అడ్డం పెట్టేవాడో, ఆ చెవిలో. బొల్లిగాడు అదిరిపడి తల విదిలించాడు. చెవులు టపటపా కొట్టుకున్నాయి. పసుపు నీళ్ళు తుంపరగా లేచి తాయమ్మ ముఖాన పడ్డాయి.

"మెచ్చింది! అమ్మ మెచ్చింది!" అని మునిచంద్ర రెండు చేతులూ ఎత్తాడు. పలకలు ఒక్కసారిగా మోగాయి. ఆడవాళ్ళు కొందరు చెంపలు వేసుకున్నారు. సంగతి చూసినవాళ్ళూ వేసుకున్నారు.

తాయమ్మ పూజారి వైపు తిరిగింది. "చిన్నబ్బన్నా, నువ్వు సెప్పు. నువ్వు సూసినావు."

చిన్నబ్బ చెంబు అడుగును బొటనవేలితో తుడుస్తూ నిలబడ్డాడు. "విదిలించింది గదమ్మే" అన్నాడు నేలకేసి. "ఎట్లా విదిలించిందో అమ్మకే తెలవాల. మనం పూజారులం, సాక్షులం కాదు."

"నేనేం సెయ్యనొదినా?" అన్నాడు మునిచంద్ర. నిజంగానే బాధపడుతున్నవాడి ముఖం పెట్టాడు. బహుశా నిజంగానే బాధపడుతున్నాడు కూడా, ఆ నిమిషానికి. "నేను మాట మీదనే ఉండాను. మేక మనసు మారింది. దాని బుద్ధి అంతే, నిలకడ ఉండదు. మేకజాతి గదా!"

తాయమ్మ నోట్లో ఉమ్మి ఊరింది. పుల్లగా, చేదుగా. గుడి ముందు ఉమ్మకూడదు కాబట్టి మింగింది. ఆ ముఖంలోకి చూస్తే, ఇన్నేళ్ళూ వదినా వదినా అంటూ తన చేతి అన్నం తిన్న ముఖంలోకి, ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. చెప్పు కింద పడిన మెత్తటి పురుగును చూసినట్టు ఉంది. తీసి పారెయ్యడానికి కూడా చెయ్యి రానంత రోత. చుట్టూ చూసింది. చందా అడిగి లేదనిపించుకున్నవాళ్ళు, పెద్దకర్మ రోజు ఒట్టు విన్నవాళ్ళు, మూడు చెంబులు లెక్క పెట్టినవాళ్ళు, అందరూ కూర వైపు చూస్తున్నారు. ఇంకా పొయ్యి కూడా ముట్టించని కూర వైపు.

ఎవరో వెనక నుంచి ఆమె వేళ్ళు విడదీసి తాడు తీసుకున్నారు. బొల్లిగాడు తాడు పోయిన వైపుకు మామూలుగా నడిచిపోయాడు. నడవనని మొరాయించను కూడా లేదు. పలకల మోత పెరిగింది. తాయమ్మ గుడి వెనక్కి వచ్చి గోడకు ఆనుకుని, మోత ఆగేదాకా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చుంది.

ఊళ్ళో ఎవరు వేట కొట్టినా బోటీ తాయమ్మే కడగాలి. అత్త పోయినప్పటి నుంచి అదొక ఆనవాయితీ. పేగులు పుల్లకు గుచ్చి లోపలిది బయటికి తిప్పి, లోపలి పెంటంతా పిండేసి, పొట్ట సంచిని సున్నపు నీళ్ళలో ఉడుకుగా ముంచి, నల్లటి పొరను కత్తితో గీకి తెల్లగా తువ్వాలు మాదిరి చేసి ఇచ్చేది. ఆమె కడిగిన బోటీకి ఒక్క పిసరు వాసన కూడా ఉండదని పేరు. మిగతా ఆడవాళ్ళు ముక్కు మూసుకుని దూరంగా నిలబడితే, పోతు కంపుకు కంచం జరిపేసిన ఆమె ఒక్కతే మారు మాట లేకుండా, ఎవరూ థాంక్స్ కూడా చెప్పకుండా ఆ పని చేస్తూ వచ్చింది.

ప్రసన్నకుమారి గుడి వెనక్కి తట్ట మోసుకొచ్చి ఆమె ముందు దించింది. వెనకాలే ఎవరో ఉడుకునీళ్ళ దబరా పెట్టి పోయారు.

"అక్కా, ఏమనుకోవద్దు. ఆయన సంగతి నీకు తెలియందా. రేపటికి ఆయనే వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాడు సూడు" అంది ప్రసన్నకుమారి. ఆమె గొంతులో నిజంగా జాలి ఉంది. "ఇదో, సున్నం పొట్లం ఈడ పెట్టినా. కత్తి ఇదో. రోంత బిన్నా, తొందరగా కానీ అక్కా, ఆ సారుకు బోటీ అంటేనే ఎక్కువ ఇష్టమంట. నాలుగింటికే కారు ఎక్కాలంట."

ఆమె వెళ్ళిపోయింది. తాయమ్మ తట్టలోకి చూసింది. పొట్ట సంచి ఇంకా వేడిగా ఉంది, పైన సన్నగా ఆవిరి లేస్తోంది. ఒక చోట కోసుకుపోయి లోపలి పచ్చటి ముద్ద కనబడుతోంది. ఈ పొద్దున తాను తన చేత్తో కట్టిన అవిశాకు. అరగను కూడా అరగలేదు. ఈగలు అప్పుడే వచ్చి వాలాయి. మామూలుగా అయితే చెయ్యి దానంతటదే కత్తి మీదికి పోయేది. చెయ్యి పోలేదు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

గుడి ముందు నుంచి మునిచంద్ర గొంతు వినబడుతోంది. "మాయన్న ప్రాణం మాదిరి పెంచినాడు సార్ దాన్ని. ఈ రోజుల్లో ఇట్లాంటి పోతు మీకు యాడ దొరుకుతాది! మీరొస్తాండారని మా వదినే ముందుకొచ్చి ఇచ్చింది." ఆ సారు ఏదో అన్నాడు. అందరూ నవ్వారు.

దబరాలో నీళ్ళు చల్లారి పైన పొరలాగా దుమ్ము పట్టింది. సున్నం పొట్లం దారం విప్పలేదు. ప్రసన్నకుమారి పొయ్యి దగ్గర నుంచి కేక వేసింది.

"అక్కా, అయిందా? మసాలా నూరి పెట్టినా!"

కాసేపటికి మళ్ళీ కేక.

"అక్కా! బోటీ అయిందా?"

తాయమ్మ లేచి చీర దులుపుకుంది. కాలికి తగలకుండా తట్ట చుట్టూ తిరిగి, చేని గట్టు మీదుగా ఇంటి దారి పట్టింది. వెనక నుంచి మూడో కేక కూడా వచ్చింది. బోటీ తట్టలో అట్లాగే ఉంది, తెరిచిన కడుపుతో, ఈగలతో, ఎవరూ కడగని పెంటతో.